అంజినప్ప హెడ్‌ఫోన్

“ఇది పెట్టుకుంటే పక్క గదిలో బిడ్డ ఏడ్చినా వినపడదు కదన్నా. అంతలో ఏమన్నా అయిపోతే?”

యతీశ్ ఆ మాట అడిగింది 2003 ఎండాకాలంలో, హోసూరులోని అంజినప్ప రికార్డింగ్ గదిలో. యతీశ్ బి.ఎస్సీ. ఫిజిక్స్ చదివి మూకండపల్లి ఫ్యాక్టరీలో రాత్రి షిఫ్టు పనికి కుదిరినవాడు. ఇంట్లో ఒక గది గోడలకు పాత దుప్పట్లు కట్టి, కంప్యూటరూ మైకూ పెట్టి, స్టూడియో అని పేరు పెట్టుకున్నాడు. భార్య సుమ పగటి షిఫ్టుకు పోయినప్పుడు పది నెలల మంజుశ్రీ పడుకుంటేనే అతనికి పని. పడుకున్న బిడ్డ ఊపిరి తీస్తూందా లేదా అని గంటకు నాలుగుసార్లు ముక్కు దగ్గర వేలు పెట్టి చూసేవాడు.

ఆ భయంతోనే బెంగళూరు పోయి, కప్పుల వెనక చిల్లుల జాలీ ఉన్న హెడ్‌ఫోన్ కొన్నాడు. దాంట్లో బయటి చప్పుళ్లు బాగా వినపడతాయి. లోపలి పాట బయటికి వస్తుందన్న సంగతి మాత్రం తట్టలేదు. కృష్ణగిరి మామిడి మండీ వాళ్లకు ఆటోలో తిప్పే ప్రకటన చేయాల్సి వచ్చింది. ముందు తమిళంలో చెప్పాడు. నిడివి సరిపోవాలని, దాన్ని చెవుల్లో వింటూనే తెలుగులోనూ కన్నడంలోనూ చెప్పాడు.

యతీశ్ తెచ్చి వినిపించిన ఆ తెలుగు ముక్కకు అంజినప్ప పడీపడీ నవ్వాడు. “ఏమప్పా, నీ మైకులో ఎవరో తమిళాయన దాక్కోనుండాడే!”

జాలీలోంచి కారిన తమిళమంతా తెలుగు మాటల కింద గుసగుసలాడుతూ ఉంది.

“నీ జాలీది కలిపేటప్పుడు పెట్టుకో. మిక్సింగుకు బంగారం. మైకు ముందర మాత్రం మూసుకునేదే ఉండాల” అని అంజినప్ప తన పాత హెడ్‌ఫోన్ చేతికిచ్చాడు. యతీశ్ బిడ్డ సంగతి అడిగింది అప్పుడే. ఆ హెడ్‌ఫోన్ మెత్తలు ఎప్పుడో చీకిపోతే, అంజినప్ప భార్య మునిలక్ష్మమ్మ తన నూలు చీర చింపి కొత్తవి కుట్టింది. ఆకుపచ్చ అంచు ఇంకా కనబడుతూనే ఉంది.

“ఇది ఎన్ని హెర్ట్జ్ దాకా పలుకుతుందన్నా?”

“నాకేం తెలుసప్పా? మునిలక్ష్మి అరుపు దాకా పలుకుతుంది.”

“ఆ, నేను పిలిస్తే మాత్రం రెండు చెవులూ మూసుకుంటాడు మీ అన్న” అంది లోపలినుంచి మునిలక్ష్మమ్మ.

అంజినప్ప కెలవరపల్లి పక్కన గొర్లు కాసిన మనిషి. తొంభైల్లో హోసూరుకు వచ్చి, క్యాసెట్ అంగట్లో అడిగినవాళ్లకు అడిగిన పాటలు ఎక్కించి ఇచ్చేవాడు. తర్వాత ఈ గది. ఎవరు పాడినా అతని హెడ్‌ఫోన్ కుడి చెవి మీదే ఉండేది. ఎడమ కప్పును చెవి వెనక ఎముకకు ఆనించి పెట్టేవాడు. చప్పుడు బయటికి పోదు, చెవి ఖాళీగా ఉంటుంది.

“గొర్ల కాడ రేడియో కూడా ఇట్లే వింటా ఉంటిని. ఒక చెవి పాటకు, ఇంకొకటి గొర్ల మెడలో గంటలకు” అని యతీశ్ తలకు తానే సర్ది పెట్టాడు.

మూడో రోజు యతీశ్ తెలుగు ప్రకటన మళ్లీ మొదలుపెట్టాడు. తలుపు ఓరగా తీసి ఉంది. సగంలో ఎడమ చెవికి గజ్జెల చప్పుడు తగిలింది. మంజుశ్రీ లేచింది, ఏడవలేదు. తన దగ్గరికే పాకి వస్తుందనుకున్నాడు. ఇంకొక్క వాక్యం ఉంది. కానీ చప్పుడు దగ్గరకు రావడం లేదు, సన్నబడుతూంది. హెడ్‌ఫోన్ విసిరేసి పరిగెత్తాడు. స్నానాల గదిలో, నిండు బకెట్టు అంచు పట్టుకుని నిలబడి, నీళ్లలోకి వంగి తన ముఖాన్ని చూసి నవ్వుతూ ఉంది.

బిడ్డను చంకనేసుకుని, బకెట్టు నీళ్లన్నీ తూములోకి కుమ్మరించాడు.

అయిదేళ్లు గడిచాయి. ఇప్పుడు అంజినప్ప గదిలో మొబైల్ రీఛార్జ్ అంగడి నడుస్తూంది. ఆయన కెలవరపల్లి దగ్గరికే తిరిగిపోయి మళ్లీ గొర్లు పట్టాడు. మంజుశ్రీ బడికి పోతూంది, ఇంట్లో పాకేది తమ్ముడు. యతీశ్ దగ్గర మంచి హెడ్‌ఫోన్లు రెండున్నాయి. ఏది పెట్టుకున్నా రికార్డు బటన్ నొక్కే ముందు ఎడమ కప్పు చెవి వెనక్కి పోవాల్సిందే. పాత హెడ్‌ఫోన్ ఇచ్చిన రోజు గడప దాకా వచ్చి అంజినప్ప చెప్పిన మాట ఇది:

“గంట సన్నబడితే, పాట ఎంత బాగున్నా లెయ్యప్పా. పాట మళ్లీ పెట్టుకోవచ్చు.”