నసిపోండి వడ్డించిన సోమవారం

నమలూకో విశ్వవిద్యాలయంలో ఐదుగురు వైస్ ఛాన్సలర్లు మారారు గానీ వంటశాలలో ఫెలిస్టా నసిపోండి మారలేదు. పన్నెండు వందల మందికి ఇరవై ఆరేళ్లుగా మొక్కజొన్న పిండితో ఉగాలి ముద్ద కలిపిన చెయ్యి ఆమెది. ఆమె తెడ్డు నిలబెడితే నా భుజం దాకా వచ్చేది. నేను అక్కడ లైబ్రరీలో పనిచేసేవాణ్ణి. మధ్యాహ్నం ఆమె వంట తినేవాణ్ణి, పనిలో పనిగా చీవాట్లు కూడా.

ఐదో ఆయన ప్రొఫెసర్ లుసెనో. వచ్చిన ఏడాదే ఒక పెద్ద ముఖద్వారం మొదలుపెట్టాడు. కరెంటుతో తెరుచుకునే తలుపులు, పైన గడియారం. అది లేస్తున్నకొద్దీ మా జీతాలు ఆగుతూ వచ్చాయి. మొదట ఒక నెల, తర్వాత నాలుగు. పాత బాకీ తీరిస్తేగాని లారీ పంపనని పిండి వర్తకుడు కబురు చేశాడు. విశ్వవిద్యాలయానికి నలభై ఎకరాల పొలం ఉండేది. క్యాబేజీ, బీన్స్, పాలు వంటశాలకు అక్కడినుంచే వచ్చేవి. అవి కూడా ఆగిపోయాయి. పొలం కౌలుకిచ్చారన్నారు. ఎవరికని అడగడానికి మాలో ఎవరికీ నోరు పెగల్లేదు.

నసిపోండి వెళ్లి కార్యాలయం ముందు మూడు రోజులు కూర్చుంది. మూడో రోజు కారెక్కబోతున్న లుసెనో ఆమెకు దొరికాడు.

"చూడమ్మా, నేను ఇరవై ఏళ్ల తర్వాత ఈ విశ్వవిద్యాలయం ఎలా ఉండాలో ఆలోచిస్తున్నాను. నువ్వేమో కూరగాయలంటావు."

"మీరు ఆలోచించండి సార్. మా పిల్లలకి మాత్రం ఒంటిగంటకే ఆకలేస్తుంది."

ఆమె తిరిగొచ్చేసరికి విద్యార్థులు సమ్మెకు అట్టలు రాసుకుంటున్నారు.

"చెయ్యండి, వద్దన్నానా? కానీ తిని చెయ్యండి. ఖాళీ కడుపుతో అరిస్తే గేటు దాకా కూడా వినపడదు. ఈ ఆదివారం ఇంటికెళ్లి తలా కాసిని మొక్కజొన్నలు పట్రండి."

నిజంగానే తెచ్చారు. కొందరి తల్లులు బీన్స్ కూడా కట్టి పంపారు. అలా ఆరు వారాలు గడిచాయి.

ఆ తర్వాత ఒక సోమవారం పాలకమండలి వచ్చింది. అధ్యక్షురాలు శ్రీమతి జెప్కెమెయి, రిటైరైన హెడ్మిస్ట్రెస్. కొత్త ద్వారం చూపించి విందు పెట్టాలని లుసెనో పట్నంలో ఒక హోటల్‌కు వేట మాంసం, చేపలు పురమాయించాడు. సరిగ్గా పదింటికి, బిల్లు కట్టలేదని కరెంటు తీసేశారు. ద్వారం కదలనంది. పాలకమండలి వారు కాపలావాడి చిన్న తలుపులోంచి ఒక్కొక్కరుగా పక్కకు తిరిగి దూరారు. వాళ్లలో ఒక లావుపాటి సభ్యుణ్ణి నేనూ కాపలావాడూ పట్టి లాగాం. హోటల్ బండి బయటే ఉండిపోయింది. దాని మేనేజరు పోయిన విందుల డబ్బు ముందు ఇమ్మన్నాడు, ఇవ్వకపోయేసరికి బండి వెనక్కి తిప్పుకున్నాడు.

లుసెనో మొదటిసారి వంటశాలకు వచ్చాడు. దారి తెలియక గిన్నెలు కడిగే వైపు నుంచి వచ్చి బూట్లు తడుపుకున్నాడు.

"అమ్మా, పెద్దవాళ్లు వచ్చారు. ఏదో ఒకటి పెట్టు."

"పిల్లలకేది ఉందో అదే సార్."

మొక్కజొన్నలూ బీన్సూ కలిపి ఉడికించిన గితేరి, నీళ్లు నీళ్లుగా, రేకు పళ్లేల్లో వచ్చింది. జెప్కెమెయి చెంచాతో కాసేపు బీన్స్ కోసం వెతికింది.

"ఇదేనా విందు?"

"కాదమ్మా, ఇది సోమవారం. విందు శుక్రవారం. ఆ రోజు ఉల్లిపాయ వేస్తాం."

"మీకు పొలం ఉండాలిగా?"

"ఉంది. నడవగలిగితే చూపిస్తాను."

"ముప్పై ఏళ్లు బడి చుట్టూ తిరిగిన కాళ్లమ్మా ఇవి. పద."

లుసెనో ఎండ ఎక్కువగా ఉందన్నాడు. ఎవరూ వినిపించుకోలేదు. పొలంలో ఒక లారీకి క్యాబేజీలు ఎక్కిస్తున్నారు. అక్కడి మేస్త్రికి వీళ్లెవరో తెలియదు, బేరానికొచ్చారనుకున్నాడు.

"టోకునైతే ఇస్తాం మేడమ్. ఇది వీసీ గారి బావమరిది పంట. ఎవరూ అడ్డం రారు, ధైర్యంగా కొనుక్కోండి."

నసిపోండి తల తిప్పుకుని కొండ వైపు చూసింది. నవ్వు ఆపుకోవడానికని తర్వాత నాతో చెప్పింది. లుసెనో కౌలు పత్రాల గురించి ఏదో మొదలుపెట్టాడు. "ఆఫీసులో చెబుదురుగాని" అంది జెప్కెమెయి, బడిపిల్లవాడితో అన్నట్టు.

మూడు వారాలకు ఆయన్ను సెలవు మీద పంపారు, మళ్లీ రానివ్వలేదు. మా పాత జీతాలు చేతికి అందడానికి పద్నాలుగు నెలలు పట్టింది. పొలం మాత్రం ఆ నెలలోనే వంటశాలకు తిరిగొచ్చింది. దాని కమిటీలో నసిపోండిని సభ్యురాలిగా వేశారు. మొదటి సమావేశానికి ఆమె చర్చికి తొడిగే పూల గౌను వేసుకుని వెళ్లింది. రెండు గంటల తర్వాత బయటికొచ్చింది.

"ఏం తేల్చారక్కా?" అని అడిగాను.

"ఇంకో సమావేశం పెట్టాలని తేల్చారు. ఈలోపు నేను రెండెకరాల్లో టమాటా వెయ్యమని చెప్పొచ్చాను," అంటూ ఏప్రను కట్టుకుంది.