పొగక్క పిలిచిన పేరు

బిష్కెక్ శివార్లలో ఉన్న బళ్ల తనిఖీ కేంద్రంలో వరసలు రెండు. ఒకటి మెదెర్‌ది, రెండోది కలీపాది. మెదెర్ వరస రోడ్డు దాకా సాగి ఉంటుంది. కలీపా వరసలోకి వచ్చేవాళ్లు తమ బండి మీద నమ్మకం ఉన్నవాళ్లైనా కావాలి, ఆవిడ సంగతి తెలియనివాళ్లైనా కావాలి.

డ్రైవర్లంతా ఆవిడని పొగక్క అంటారు. పొగగొట్టంలో పొగ కొలిచే కడ్డీ దోపి, పక్కనే నిలబడి, "తొక్కు, ఇంకా తొక్కు, ఏం, కాలు నొప్పా?" అని గదమాయిస్తుంది. పొగ తగ్గుతుందని ట్యాంకులో స్పిరిట్ కలుపుకొచ్చినవాణ్ణి మూత తీయకుండానే పట్టేసి, "పొద్దున్నే తాగొచ్చిందేం నీ బండి? ఇంటికి తీసుకుపోయి పడుకోబెట్టు" అంటుంది. బతిమాలితే వినదు, గుర్రపు మాంసం పొట్లాలు తెస్తే మొహాన కొడుతుంది. చలికాలం వస్తే పొయ్యిల పొగకీ బళ్ల పొగకీ మా ఊళ్లో ఎదురింటి గోడ కూడా ఆనదు. "జనాన్ని పొయ్యిలు ఆర్పుకోమని చెప్పలేను. నా చేతికి దొరికింది ఈ గొట్టం ఒక్కటే. దీన్నెందుకు వదులుతాను?" అంటుంది. మొండి మనిషే, కాదనను. ఆ మొండితనంలో కాస్త ఊళ్లో మిగతావాళ్లకీ ఉంటే మనం ఇంత దగ్గేవాళ్లం కాదు.

ఇంత నోరున్న మనిషి నోట ఒక్క పేరు మాత్రం రాదు. బావగారి పేరు, అంటే భర్తకి అన్నగారిది. కోడలన్నది అత్తింటి పెద్దల పేర్లు పలక్కూడదు కదా. ఆయన పేరు బాల్తబాయ్. బాల్త అంటే గొడ్డలి. అందుకని కాపరానికొచ్చిన నాటి నుంచీ కలీపా గొడ్డలిని కూడా "కట్టెలు కొట్టేది" అనే అంటుంది. ఆయన్ని "పెద్దింటాయన" అంటుంది. అది భయం కాదు. భర్త పోయి, ముసలి అత్తగారితో అద్దె గదిలో మిగిలిపోయినప్పుడు, బంధువులందర్నీ పోగుచేసి, తనే మోకాళ్ల దాకా మట్టి తొక్కి ఆవిడకి ఇల్లు లేపినవాడు ఆయన. ఆ గౌరవం ఆవిడ గుండెల్లోంచి వచ్చింది.

తనిఖీ కేంద్రంలో ఒక నియమం ఉంది. బండి పరీక్ష తప్పిందంటే తనిఖీ చేసినవాళ్లే మైకులో యజమాని పేరు పిలవాలి, అతను అందరి ముందూ "ఉన్నాను" అనాలి. అప్పుడే అది తప్పినట్టు. ఇదివరకు ఒకాయన "తప్పింది నా బండి కాదు, పక్కవాడిది" అని రచ్చరచ్చ చేసినప్పటి నుంచీ పెట్టారు దాన్ని.

చలికాలంలో ఒకరోజు కొత్త సీటు తొడుగులు వేయించుకుని, బాల్తబాయ్ తన మినీబస్సును నేరుగా కలీపా వరసలోకి తెచ్చాడు. బజారుకి మనుషుల్ని తిప్పే బస్సు అది. తప్పితే బాగయ్యేదాకా రోడ్డెక్కకూడదు.

"మన పిల్ల ఉండగా పరాయివాళ్ల దగ్గరికి ఎందుకు పోవాలి?" అన్నాడు వెనకవాళ్లకి వినపడేలా.

"రండి బావగారూ. ఇంజిన్ ఆపకండి" అని కలీపా కడ్డీ దోపింది. ఆయన తొక్కాడు. వెనక నిలబడ్డవాళ్లు పొగలో మసకబారిపోయారు. అంకె హద్దు దాటేసింది. ఇంజిన్ వేడెక్కలేదేమోనని ఆగి, ఇంకోసారి చూసింది. ఈసారి ఇంకా పెరిగింది.

"డీజిల్ చిమ్మే నాజిళ్లు పోయాయి బావగారూ."

"పోతే పోనీ అమ్మాయ్, వసంతంలో చేయిస్తా. నువ్వు కానీయ్."

పొద్దున్నే బండి తప్పిన డ్రైవర్ సమూదిన్ ఇంకా గోడ దగ్గరే ఉన్నాడు. "ఇప్పుడు చూడండిరా తమాషా! మన పేర్లైతే మైకు పగిలేలా అరుస్తుంది. బావగారి పేరు నోటికొస్తుందా? పేరు రాకపోతే బండి తప్పదు!" అన్నాడు. వరసంతా గొల్లుమంది.

మెదెర్ గబగబా వచ్చి చెవిలో అన్నాడు. "అక్కా, నువ్వెళ్లి టీ తాగిరా. బస్సుని నా వైపు తోయిస్తాను. నీ మర్యాదా దక్కుతుంది, ఆయన బస్సూ దక్కుతుంది."

తోయిస్తే ఏమవుతుందో కలీపాకి తెలుసు. ఆ బస్సు పాసైపోతుంది. రేపటి నుంచి తను ఎవడి బండి తప్పిందన్నా, వాడు సమూదిన్‌లాగే నవ్వుతాడు, నవ్వడం న్యాయం కూడా. పిలిస్తేనో? పెద్దాయన్ని పదిమందిలో పేరు పెట్టి పిలిచిన కోడలని చుట్టాల విందుల్లో ఆడిపోసుకుంటారు. ఆయన ఇక తన గడప తొక్కడేమో. ఆ ఇంట్లో ప్రతి గోడా ఆయన చేతి చలవే. ఆవిడకి ఏడుపొచ్చింది.

తలగుడ్డ సర్దుకుంది. బాల్తబాయ్ ఎదురుగా వచ్చి, కొత్త కోడళ్లు వంగినట్టు, మోకాళ్ల మీద చేతులుంచి వంగి దండం పెట్టింది. తర్వాత మైకు తీసుకుంది.

"బాల్తబాయ్!"

పేరు స్పష్టంగా వినపడింది. నవ్వులు ఆగిపోయాయి. సమూదిన్ టోపీ తీసి చేత్తో పట్టుకున్నాడు. ముసలాయన మొహం ఎర్రగా కందిపోయింది.

"ఉన్నాను" అన్నాడు.

బస్సుని షెడ్డుకి తోలుకుపోయాడు. ఆ వారమంతా తమ్ముడింటి వైపు రాలేదు. అత్తగారు మాత్రం, రోజూ కోడలు పోసే టీని తనే పోసి కలీపాకి ఇచ్చింది.

బస్సు బాగుచేయించుకుని ఆయన మళ్లీ వచ్చిననాడు, ఎప్పుడూ లేనిది, మెదెర్ వరస ఖాళీగా ఉంది. మెదెర్ చెయ్యూపి పిలిచాడు కూడా. బాల్తబాయ్ అటు చూడనైనా చూడకుండా కలీపా వరసలోకి తిప్పి, కిటికీ అద్దం దించి, కేంద్రమంతా వినపడేలా అరిచాడు.

"బాల్తబాయ్! ఉన్నాను! తప్పితే చెప్పమ్మాయ్, పేరు నేనే పిలుచుకుంటాను. నువ్వు నీ పని చూసుకో."

కలీపా తలగుడ్డ సర్దుకుని కడ్డీ దోపింది.

"తొక్కండి బావగారూ" అంది.