మైకు బాబాయి కుందేళ్లు

బస్టాండులో బస్సుల రాకపోకలు చదివే ఉద్యోగం చేసి రిటైరైనవాడు మైకు బాబాయి. కరెంటు పోయి మైకు మూగబోయినా ఆయన గొంతు ఆగేది కాదట. ఉద్యోగం అయిపోయాక ఆ గొంతు నేరుగా ఇంటికొచ్చేసింది. ఇక చూస్కోండి! కూరలో ఉప్పు తక్కువైతే కింది వాటాలవాళ్లకి కూడా తెలిసిపోయేది. అల్లుడు ఎప్పుడొచ్చినా హాల్లోకి రాకుండా చెప్పుల స్టాండు పక్కనే కాళ్లు దగ్గరగా పెట్టుకుని నిలబడేవాడు.

కాలక్షేపానికి బాబాయి మేడమీద కుందేళ్లు పెంచాడు. పిల్లలూ, పిల్లల పిల్లలూ పుట్టుకొచ్చేసరికి అపార్ట్‌మెంటు సెక్రటరీ మొహమాటం లేకుండా చెప్పేశాడు.

"బాబాయిగారూ, ఆడవాటిని ఉంచుకోండి. ఇంక ఒక్క మగది కనబడినా బోనులన్నీ కిందికి దించెయ్యాల్సిందే."

పిన్ని బోనులకి అడ్డంగా నిలబడింది. ఆ ఇంట్లో ఆవిడ మాట చివరిదాకా వినేవి ఆ కుందేళ్లే మరి.

"ఇదెంత పని!" అన్నాడు బాబాయి. ఒక్కోదాన్నీ పైకెత్తి, "ఏదీ, చూపించవోయ్!" అని గర్జించి, వెనక కాళ్ల మధ్య చూసేవాడు. వృషణాలు కనబడితే మగది, లేకపోతే ఆడది. అంతే శాస్త్రం. తోక కింద వేలితో మెల్లగా నొక్కి చూడాలని కుందేళ్లు అమ్మినవాడు చెబితే, "అంత సుతారం మనకెందుకోయ్!" అని కొట్టిపారేశాడు. ఆయన కేకకు చలించని రెండు మొండిఘటాలు మగవిగా తేలాయి. వాటిని ఎవరికో ఇచ్చేసి, మిగతావన్నీ ఆడవేనని ఒకే బోనులో పెట్టాడు.

కొన్ని నెలలకి ఆ ఆడవాళ్ల బోనులో మళ్లీ పిల్లలు!

"ఏమే, దొంగచాటుగా మగదాన్ని తెచ్చి పెట్టావా?" అని పెళ్లాం మీద ఎగిరి, దబదబా మెట్లు దిగిపోయాడు.

పిన్ని బోనులో అన్నిటికన్నా బలిసిన తెల్లదాన్ని ఒళ్లో వేసుకుని వీపు నిమురుతూ కూర్చుంది. కాసేపటికి అది ఒళ్లు వదిలేసి, కాళ్లు చాపి పక్కకి ఒరిగింది. చూస్తే ఏముంది? కాళ్ల మధ్య రెండూ తీరిగ్గా కిందికి దిగుతున్నాయి!

"ఏమండీ, ఓసారి రండి!"

"ఏమిటే గోల!" అంటూ బాబాయి వచ్చాడు. అంతే, రెండూ సర్రున పొట్టలోకి పోయాయి. మగకుందేలుకి పొట్టలోంచి కిందికి దిగే ఆ దారి ఎప్పటికీ మూసుకోదు. భయమేస్తే లోపలికి లాగేసుకుంటుంది, ఖాళీ తిత్తులు బొచ్చులో కలిసిపోతాయి.

"చూశారా? మీరలా అరుస్తుంటే ఎవరు మగాళ్లుగా ఉండగలరండీ?"

బాబాయి వంగి బొచ్చులోకి తేరిపార చూశాడు.

సరిగ్గా అప్పుడే సెక్రటరీ ఊడిపడ్డాడు. "మళ్లీ పిల్లలు పుట్టాయటగా?" అంటూ ఒళ్లోని తెల్లదాన్ని అందుకోబోయాడు. ఆ తెల్ల వెధవేమో, పిన్ని నిమురుడికి కరిగిపోయి మళ్లీ దించేసుకుంటున్నాడు! పిన్ని గాభరాగా మొగుడి చెవిలో, "అరవండి" అంది. ఇన్నేళ్ల కాపురంలో ఆవిడ ఆ మాట అడగడం అదే మొదలు.

"ఏమయ్యా సెక్రటరీ! మా ఇంటి ఆడపిల్ల కాళ్లెత్తి చూస్తావా? సిగ్గులేదూ!"

మేడ దద్దరిల్లింది. కుందేలుకి ఉన్నవి పైకెళ్లిపోయాయి. సెక్రటరీ ప్రాణాలు కూడా పైకెళ్లినంత పనైంది. ఓరగా ఒక్క చూపు చూసి, "ఆడదేనండీ, ఆడదే! పాత కడుపేమో లెండి" అంటూ మెట్లు దిగిపోయాడు.

బాబాయి గర్వంగా మీసం దువ్వబోయాడు.

"ఇక చాలు, నోరు మూసుకుని కూర్చోండి" అంది పిన్ని. "వేరు చెయ్యాల్సిన మగాళ్లు ఇంకా ఎందరున్నారో, దిగితేగానీ తెలీదు."

సాయంత్రం దాకా ఆయన కిక్కురుమనలేదు. బోనులో సగం ఆడవాళ్లు మగాళ్లయ్యారు. పిన్ని వాళ్లని వేరే బోనులోకి మార్చింది.

ఇద్దరూ కిందికి దిగేసరికి హాల్లో సోఫా మీద అల్లుడు! ఇల్లంతా నిశ్శబ్దంగా ఉందని ఎప్పుడొచ్చి కూర్చున్నాడో, హాయిగా కాళ్లు చాపుకుని పేపరు చదువుతున్నాడు. బాబాయి గట్టిగా ఊపిరి పీల్చాడు. పిన్ని ఆయన వైపు చూసింది.

"ఎప్పుడొచ్చావు బాబూ?" అన్నాడాయన మెల్లగా.

అల్లుడు కాళ్లు ముడుచుకోలేదు.