ఒక మిల్లీమీటరు తక్కువ గుడ్లగూబ

వంకర అంచు కనిపిస్తే అతని చేతులు ఊరుకోవు. కరెంటు బిల్లు, మందుల చీటీ, గోడ మీది క్యాలెండరు, ఏది కాస్త పక్కకి పోయి ఉన్నా కత్తెర తీస్తాడు. "నా నుదుటి రాత కూడా పక్కకే పోయింది, పనిలో పనిగా అదీ సరిచేయండి" అని భార్య పెళ్ళయిన ఏడాదే అంది, ఇప్పటికీ అంటోంది. ప్రెస్సులో అతన్ని అందరూ 'మిల్లీమీటరు' అంటారు. నలభై తొమ్మిదేళ్ళు పేపరు కోసే మిషను ముందు నిలబడి, పది వేళ్ళకు పది వేళ్ళతో బయటపడ్డవాడు. అరవై అయిదు నిండినా ఇప్పటికీ పూటపనికి వెళ్తాడు. చిల్లర పనులు వేరేవాళ్ళు చేస్తారు. పుస్తకం మూడు వైపులా కోసి తేల్చే ఆఖరి కోత మాత్రం అతనిదే.

తన కోతల గురించి అతను చెప్పని కబురు లేదు, మొట్టమొదటి కోత గురించి తప్ప.

ఆ ఆదివారం పొద్దున్నే చెల్లెలు రేకు డబ్బా చంకలో పెట్టుకుని దిగింది. పిల్లల వార్డులో నర్సు. ఆ నెలాఖరుకి రిటైరు. ఎంత పసిగుడ్డుకైనా సూది ఒక్క పోటుకే దించుతుందని పేరు. డాక్టర్లు రెండుసార్లు గుచ్చి, మూడోసారి సిగ్గుపడి, ఆవిడ కోసం మనిషిని పంపుతారు. ఆవిడ వచ్చి, బిడ్డ చేతి మీద బొటనవేలు ఆనించి, కళ్ళు మూసుకుంటుంది. నరం దొరుకుతుంది.

డబ్బాలో నలభై ఎనిమిది పక్షుల కార్డులున్నాయి. ఒకప్పుడు బిస్కట్ ప్యాకెట్‌కి ఒకటి చొప్పున వచ్చేవి. కొంగ, లకుముకి, గద్ద, వడ్రంగిపిట్ట దొరకని ఇల్లు లేదు. గుడ్లగూబ మాత్రం వీధి మొత్తం మీద ఒక్కరికే వచ్చింది, ఈవిడకి.

"అన్నయ్యా, నా గుడ్లగూబని పరీక్షకి పంపుతున్నా" అంది చెప్పులు విప్పుతూనే.

సంగతి ఆవిడ కూతురు కనిపెట్టింది. ఇలాంటి కార్డులకు గ్రేడింగు చేసే కంపెనీలున్నాయట. మూలలు, అంచులు, బొమ్మ నడిమధ్యన ఉందా లేదా, అన్నీ భూతద్దం పెట్టి చూసి పదికి ఇన్ని అని మార్కులు వేస్తారు. వేసి, ఆ అంకెతో సహా కార్డుని గట్టి ప్లాస్టిక్ డబ్బీలో సీలు చేసి పంపుతారు. పదికి పది వచ్చిన గుడ్లగూబకి పలికే ధర విని వదినగారు కాఫీ గ్లాసు కింద పెట్టేసింది.

"అమ్మేస్తావా?"

"పాత స్కూటీ మార్చేద్దామనే ఉంది వదినా. కానీ ముందు ఆ పది చూడాలి. ముప్పై ఆరేళ్ళు పనిచేశాను. పిల్లలు ఏడ్చారు, తల్లులు శాపనార్థాలు పెట్టారు. పదికి పది అని ఒక్కడూ వేయలేదు. నాకు కాకపోతే పోయింది, నా గుడ్లగూబకైనా వేయనీ. నా చేతికి విద్య నేర్పింది అదేగా!"

ఆ విద్య సంగతి వీధిలో అందరికీ తెలుసు. తొమ్మిదేళ్ళప్పుడు ఈవిడ తన గుడ్లగూబని అవతలివాళ్ళ కార్డుల దొంతరలో కలిపి ఇమ్మనేది. కళ్ళు మూసుకుని, దొంతర అంచు మీద బొటనవేలు జార్చి, గుడ్లగూబనే లాగేది. లాగితే అవతలివాళ్ళు ఓ కార్డు ఇవ్వాలి. లాగలేకపోతే గుడ్లగూబే వాళ్ళది. మిగతా నలభై ఏడూ అలా వచ్చి చేరినవే. "అది నన్ను పిలుస్తుంది" అనేది. వేళ్ళకి కళ్ళున్నాయని అమ్మ దిష్టి తీసేంత పని చేసింది.

చెల్లెలు బల్ల మీద ఫారం పరిచి పేరూ చిరునామా నింపుతోంది. నాలుగో ప్రశ్న దగ్గర పైకి చదివింది: "ఈ కార్డు అంచులు ఎప్పుడైనా కత్తిరించారా? ఇదేం ప్రశ్నో! కత్తిరిస్తే ఏమవుతుందిట?"

కింద చిన్న అక్షరాల్లో జవాబుంది. కత్తిరించిన కార్డుకి అంకె ఇవ్వరు. 'మార్చినది' అని రాసి తిప్పి పంపుతారు.

"ఎవడు కత్తిరిస్తాడు దీన్ని!" అని ఆవిడ 'లేదు' అన్న గడిలో పెన్ను పెట్టబోయింది.

"ఆగవే" అన్నాడు మిల్లీమీటరు.

భార్య మొగుడి ముఖం చూసి, "ఏమిటలా అయిపోయారు, తిరగేసి కుట్టిన పుస్తకంలా?" అంది.

నిజం చెప్పేస్తే గుండె తేలికవుతుందని రాసేవాళ్ళకి బహుశా చెల్లెళ్ళు ఉండరు. ఇతనికి ఉంది. పోయేది పదికి పది ఒక్కటే అయితే ఎప్పుడో చెప్పేవాడు.

"గుర్తుందా, అది ప్యాకెట్లోంచి వచ్చినప్పుడు వంకరగా ఉండేది. ఒక పక్క అంచు ఏటవాలుగా పోయి, ఏ దొంతరలో పెట్టినా పొడుచుకొచ్చేది. నువ్వు అన్నం మానేసి ఏడ్చావు."

"అవును. నువ్వు నిఘంటువు కింద రెండు రోజులు పెట్టావు, తిన్నబడింది."

"నిఘంటువు కింద పెడితే అట్ట తిన్నబడుతుందే, అంచు ఎలా తిన్నబడుతుంది?"

ఆవిడ పెన్ను కింద పెట్టింది. ఈ ప్రశ్న ఆవిడకి నలభై తొమ్మిదేళ్ళుగా తట్టలేదు. అన్నయ్య చెప్పాడు, అంతే.

అప్పుడు చెప్పాడు. పదహారేళ్ళవాడు, పనిలో చేరి మూడో వారం. మిషను ముట్టుకుంటే ఉద్యోగం ఊడుతుంది. మేస్త్రి టీకి వెళ్ళినప్పుడు, కార్డుని రెండు చిత్తు అట్టల మధ్య పెట్టి, బిగించి, బ్లేడు దించాడు. పడింది వెంట్రుకంత ముక్క. తిరిగొచ్చిన మేస్త్రి ఆ ముక్కని బల్ల మీదినుంచి వేలితో ఎత్తి, వెలుతురుకి పట్టి చూశాడు. "వెధవా, తిన్నగానే కోశావు" అన్నాడు. మర్నాటినుంచి మిషను మీద నిలబెట్టాడు.

"ఇంట్లో చెబితే నాన్న వీపు చీరేసేవాడు. అందుకని నిఘంటువు" అన్నాడు.

చెల్లెలు అతని స్టీలు స్కేలు అందుకుని లకుముకిని కొలిచింది, కొంగని కొలిచింది, గుడ్లగూబని కొలిచింది. సరిగ్గా ఒక మిల్లీమీటరు తక్కువ. తర్వాత నలభై ఎనిమిదీ ఒక దొంతరగా సర్ది, కళ్ళు మూసుకుని, అంచు మీద బొటనవేలు జార్చింది. కార్డులు బరబరా జారాయి. ఒకచోట, సన్నగా, 'టక్'.

అక్కడ ఆపింది. లాగి చూడనక్కర్లేదు. అయినా లాగి చూసింది.

"ఇదా!" అంది. "పిలుపు అనుకున్నది ఇదా, అన్నయ్యా?"

అతను ఇన్నేళ్ళూ భయపడింది ఈ మాటకే. కట్టలో ఒక కాగితం పొట్టిగా ఉంటే బొటనవేలికి తెలుస్తుంది. కోసేవాళ్ళు తప్పుడు కాగితాన్ని పట్టేదే అలా. ఆ కిటుకు చేతికొచ్చాక చెల్లెలి మహిమ ఏమిటో అతనికి అర్థమైంది. సరిగ్గా అప్పుడే నర్సు ట్రైనింగునుంచి ఆవిడ ఉత్తరం వచ్చింది: 'ఇవాళ మొదటిసారి సూది దించాను. కళ్ళు మూసుకుంటే నరం దొరికింది, గుడ్లగూబ పిలిచినట్టే.' ఆ ఉత్తరం చదివాక ఏ అన్న నోరు విప్పుతాడు?

"అంటే ఆ నలభై ఏడూ నేను మోసం చేసి గెలిచానా?"

"నీకు తెలియదుగా."

"నీకు తెలుసుగా!"

"తెలిసేసరికి ఆటలు అయిపోయాయే తల్లీ."

వదినగారికి ఈ తగువులో పస కనిపించలేదు. "ఒక్క మిల్లీమీటరేగా! గడిలో 'లేదు' అని కొట్టి పంపించెయ్. వాళ్ళకేం తెలుస్తుంది?"

"తెలుస్తుంది" అన్నాడు మిల్లీమీటరు. "నేనైతే పట్టేస్తాను." అందులో కాస్త గర్వం ధ్వనించింది. వెంటనే నాలిక కరుచుకున్నాడు.

చెల్లెలు తన కుడి బొటనవేలు వంకే చూస్తోంది. రోజూ స్పిరిట్ తగిలి చర్మం పొరలు లేచిన వేలు. ఆవిడ మాట మాత్రం మామూలుగానే వచ్చింది.

"మొన్న మంగళవారం పన్నెండు రోజుల పిల్ల. చెయ్యి నా చూపుడువేలంత లేదు. ఇద్దరు గుచ్చి వదిలేశారు. నేను కళ్ళు మూసుకున్నాను, దొరికింది. ఆ నరం పక్కన కూడా నువ్వేమైనా కోసి పెట్టి వచ్చావా?"

"నేనా? నాకు ఆస్పత్రి వాసనే పడదు."

"మరింకేం!" అని కసిరింది. కసురుతూనే కళ్ళు తుడుచుకుంది. "నలభై తొమ్మిదేళ్ళు కడుపులో దాచుకుని కూర్చున్నాడు పెద్దమనిషి. నా వేళ్ళు విరిగిపోతాయనుకున్నావా?"

అతను తలూపాడు. నిజంగా అదే అనుకున్నాడు.

ఆవిడ ఫారం తిరగేసింది. వెనక ఖాళీగా ఉంది. గుడ్లగూబని అతని ముందుకి తోసి, "వాళ్ళెవరో ఎందుకు, నువ్వే వెయ్. పదికి ఎంత?" అంది.

మిల్లీమీటరు కళ్ళజోడు మార్చుకుని కిటికీ దగ్గరికి వెళ్ళాడు. కార్డుని కంటి ఎత్తున పట్టి అంచు వెంబడి చూశాడు. ఇలాంటివాటిలో అతనికి మొహమాటం లేదు. "కోత తిన్నగా ఉంది. బ్లేడు మొద్దు. కింద మూల దగ్గర కాగితం పీచు లేచింది, అది బిగింపు చాలక. ఆరు."

"ఏడు వెయ్యి. పదహారేళ్ళ పిల్లాడి మొదటి కోత."

"ఆరే."

"అన్నయ్యా!"

"ఆరున్నర. ఇంక అడక్కు."

ఆరున్నర అని ఆవిడే రాసి, అతనిచేత కింద సంతకం పెట్టించింది. గుడ్లగూబని కూతురు కొనిచ్చిన కొత్త ప్లాస్టిక్ తొడుగులో పెట్టలేదు. అందులో పెడితే వేలికి దొరకదు. తిన్నగా దొంతర మధ్యలోకి దూర్చి, రేకు డబ్బా మూత వేసింది.

"మరి స్కూటీ?" అంది వదినగారు.

"నడుస్తోందిగా వదినా, తోస్తే."

బల్ల మీద ఫారం మిగిలింది. ఆ కాగితం ఒక పక్క ఏటవాలుగా పోయి ఉందని మిల్లీమీటరు అప్పుడే గమనించాడు. అతని చెయ్యి మెల్లిగా కత్తెర వైపు వెళ్ళింది.

"ముట్టుకున్నావంటే చూడు" అంది చెల్లెలు.