బ్రేకులక్కా, ప్లీడరు అన్నయ్యా

బాగుచేసిన బండిని తాను నడిపి చూడందే తాళంచెవి ఇవ్వదు కాబట్టి, వీధిలో అందరూ ఆవిణ్ణి బ్రేకులక్క అనేవారు. ఇరవై రెండేళ్లుగా షెడ్డు నడుపుతోంది. ఆవిడ మాటకు ఎదురుచెప్పేది ఒక్క ఆడపడుచు మొగుడే. ఆయన ప్లీడరు. గాలిలో గీత గీసి, ఇదే గోడ అని వాదించగలడు.

ఆ రోజు ఆయన కారుకు బ్రేకు ప్యాడ్లు మార్చింది. ఆవిడ ఇంకా చేతులు తుడుచుకుంటుండగానే ఆయన చెయ్యి చాపాడు.

"తాళం ఇచ్చెయ్యమ్మా, కోర్టుకు వేళయింది."

"నడిపి చూడాలి అన్నయ్యా."

"నీ పని మీద నీకే నమ్మకం లేదా?"

"పోనీ, ఇంజను స్టార్టు చెయ్యకుండా మీరే ఒకసారి బ్రేకు తొక్కండి."

ప్లీడరు దర్జాగా కూర్చుని తొక్కాడు. పెడలు మెత్తగా దిగి నేలకు ఆనింది. ఆయన ముఖంలో నెత్తురు చుక్క లేదు.

"కొత్త ప్యాడ్లు పట్టాలంటే లోపలి పిస్టన్లను వెనక్కి నెడతాం. అవి మళ్లీ ముందుకు రావాలిగా. తొక్కుతూ ఉండండి," అంది ఆవిడ, నిమ్మకు నీరెత్తినట్టు.

నాలుగోసారికి పెడలు గట్టిపడింది. ఆయన పక్క సీట్లోకి జరిగాడు.

ముందు షెడ్డు ఆవరణలోనే నత్తనడకన రెండుసార్లు ఆపి చూసింది. తర్వాత గోదాముల వెనక ఖాళీ రోడ్డు మీదికి తీసుకెళ్లింది. ఇరవైలో మెల్లగా తొక్కింది. నలభైకి వచ్చాక, వెనక ఎవరూ లేరని అద్దంలో చూసుకుని గట్టిగా తొక్కింది.

కారు గీత గీసినట్టు ఆగింది. బెల్టు ప్లీడరును పట్టుకుంది గాని ఆయన జుట్టును పట్టుకోలేదు. అది నెత్తి మీంచి లేచి, ముందు అద్దానికి కొట్టుకుని, ఆవిడ ఒళ్లో వాలింది. అల్లుడి ఆ జుట్టును చూపించే బ్రేకులక్క అత్తగారు పన్నెండేళ్లుగా సొంత కొడుకును, అంటే బ్రేకులక్క మొగుణ్ణి, బట్టతల అని దెప్పుతోంది.

బ్రేకులక్క దాన్ని శుభ్రమైన గుడ్డతో పట్టుకుని అందించి, కిటికీలోంచి బయటికి చూసింది.

"బండి ఏ పక్కకీ లాగలేదు అన్నయ్యా."

"చెల్లెమ్మా, ఈ సంగతి..."

"ఏ సంగతి?"

ఇంత మంచి సాక్షి ఆయనకు కోర్టులో ఎన్నడూ దొరకలేదు.

"ఇంకోసారి చూడాలి. ఈసారి చేత్తో పట్టుకోండి," అంది.

ఆయన బుద్ధిగా రెండు చేతులతో ఒళ్లో పట్టుకున్నాడు.

షెడ్డుకు తిరిగొచ్చి ఆయనకు తాళం ఇచ్చాక, కారు సందు మలుపు తిరిగేదాకా ఆవిడ బిగపట్టుకుంది. ఆపైన పాత టైరు మీద కూలబడి, కొంగు నోట్లో కుక్కుకుని నవ్వింది. అప్పుడే వచ్చిన ఆటో డ్రైవరు ఆవిడ ఏడుస్తోందనుకుని మంచినీళ్లకు పరిగెత్తాడు.