కిటికీ తెరిచి చేసే వంట

మాంసాన్ని కుళాయి కింద పెట్టి కడగబోతుంటే పక్కింటావిడ గబగబా వచ్చి నీళ్లు కట్టేసింది. ఆవిడ వంటింట్లో నేను నిలబడటం అదే మొదటిసారి. పంది నడుము భాగంలోంచి చిటికెన వేలంత మందాన కోసిన ముక్కలు నాలుగున్నాయి. పసుపు వేసి, మూడు నీళ్లు పోసి కడుగుదామని నేను సిద్ధపడ్డాను. మాంసం కడగకుండా వండటం మా ఇంటావంటా లేదు. ఆవిడ ఒక్కో ముక్కనీ కాగితపు తువ్వాలుతో పసిబిడ్డ ఒళ్లు తుడిచినట్టు తుడిచింది. తడి ఉంటే పిండి అంటదు, పిండి అంటకపోతే గుడ్డు నిలవదు, గుడ్డు నిలవకపోతే రొట్టెపొడి అంతా నూనెలో రాలిపోతుంది అని వేళ్లు మడుస్తూ చెప్పింది. అంతా విన్నాక కూడా కడగని మాంసం తినబోతున్నానన్న దిగులు నాకు పోలేదు.

ఇది డెబ్బయ్యో దశకం చివర, అమెరికాలో సియాటిల్ దగ్గర బాతెల్ అనే ఊళ్లో. నేను సియాటిల్‌లో ఒక ఆస్పత్రిలో నర్సుని. మా ఆయన విమానాల ఫ్యాక్టరీలో ఇంజినీరు. మా పక్కింట్లో ఒక జపాన్ ఆవిడ ఒంటరిగా ఉండేది. యుద్ధం అయ్యాక అమెరికా సైనికుణ్ణి పెళ్లి చేసుకుని ఈ దేశం వచ్చింది. ఆయన పోయి అప్పటికి నాలుగేళ్లు. నాకు గురువారం సెలవు కాబట్టి ఆ రోజు వెళ్లి ఆవిడకి బీపీ చూసేదాన్ని. దానికి బదులుగా ఆవిడ నాకు అన్నం పెట్టేది. ఆ బీపీకి ఆ వేపుళ్లు పనికిరావని నర్సుగా నాకు తెలుసు. అన్నం దొరకదేమోనన్న భయంతో ఆ ముక్క చెప్పలేదు.

ఆవిడ వంట ఎప్పుడూ కిటికీతో మొదలయ్యేది. మాంసం ఫ్రిజ్‌లోంచి తీయకముందే పొయ్యి పక్కనున్న కిటికీని పైదాకా ఎత్తేసేది. జనవరి వాన అయినా సరే, చల్లగాలికి నా వేళ్లు కొంకర్లు పోయినా సరే. నూనె వాసన ఇంట్లో ఉంటే మూడు రోజులు పోదని ఆవిడ వాదన. బయటికి పోతే పక్కవాళ్లకి తెలుస్తుంది కదా అన్నాను ఒకసారి. తెలిస్తే ఏమవుతుంది అని ఆవిడ నిజంగానే అడిగింది. నా దగ్గర జవాబు ఉంది గాని ఇంగ్లీషులో లేదు.

ఆ వంట పేరు టొంకాట్సు. మన కట్లెట్‌కి దూరపు చుట్టం, కాకపోతే మాంసం కైమా చేయరు. కొవ్వుకీ మాంసానికీ మధ్యన ఉండే తెల్లటి నరాన్ని కత్తి మొనతో అక్కడక్కడ తెంపాలి, లేకపోతే నూనెలో పడగానే ముక్క అప్పడంలా ముడుచుకుంటుంది. ఉప్పు, మిరియాలపొడి. పల్చగా మైదా, ఎక్కువైంది దులిపేయాలి. గిలక్కొట్టిన గుడ్డు. తరువాత రొట్టెపొడి. రొట్టెపొడి కొట్లో దొరికేది గాని అది ఇసకలా ఉంటుందని ఆవిడకి నచ్చేది కాదు. తెల్ల బ్రెడ్డుని అంచులు తీసి, ఒక పూట ఆరబెట్టి, కొబ్బరి కోరినట్టు కోరేది. నూనెలో ఒక పలుకు వేస్తే అది సగం దాకా మునిగి పైకి తేలాలి, అదీ గుర్తు. నేను పకోడీల అలవాటులో నాలుగూ ఒకేసారి వేయబోతే నా మణికట్టు పట్టుకుంది. ఒకటి వేసి, ఒక్కసారే తిప్పి, చప్పుడు సన్నబడ్డాక తీసి, జల్లెడ మీద నిలబెట్టి ఆరనివ్వాలి. పక్కన దారాల్లా తరిగిన పచ్చి క్యాబేజీ, కెచప్‌లో సోయా సాస్, పంచదార, ఇంకేదో నల్లటి పుల్ల సాస్ కలిపిన రసం.

మొదటి ముక్క కొరికినప్పుడు పైపొర కరకరమంది. లోపల మాంసం మెత్తగా, తెల్లగా ఉంది. దిగులు ఎటు పోయిందో పోయింది. నాకు మా అమ్మమ్మ గుర్తొచ్చింది. రుచి ఒకలాంటిదని కాదు, అమ్మమ్మ కూరలో కారం తప్ప వేరే రుచి తెలిసేది కాదు. ఆ మాంసం నోట్లో పెట్టుకుని పద్నాలుగేళ్లయింది, అందుకని.

మా అమ్మమ్మ ఊరి చివర పేటలో ఉండేది. పేటలో ఆదివారం గుడిలో, అంటే చర్చిలో, ప్రార్థన అయ్యాక పంది కోసేవారు, అందరూ వాటాలు వేసుకునేవారు. మా నాన్న హైస్కూలు మాస్టారయ్యాక మేం టౌన్లో మాస్టార్ల క్వార్టర్స్‌కి మారాం. ఇక ఆ మాంసం మన ఇంట్లో వండొద్దని నాన్న అమ్మకి ఒక్కసారే చెప్పారు, రెండోసారి చెప్పే అవసరం రాలేదు. అమ్మమ్మ మాత్రం నెలకోసారి కేరేజీలో కూర తెచ్చేది, పైన తువ్వాలు కప్పి. ఆ కూర వేడి చేసేముందు అమ్మ కిటికీలన్నీ మూసేది. అది చాలదని పొయ్యిలో రెండు ఎండుమిరపకాయలు వేసేది. ఘాటుకి క్వార్టర్స్ అంతా దగ్గినా ఫరవాలేదు, ఆ వాసన మాత్రం గోడ దాటకూడదు. మేం కళ్లనీళ్లు కారుస్తూ, దగ్గుతూ తినేవాళ్లం. నాన్న వరండాలో కూర్చుని పేపరు చదువుతుండేవారు. అది కాపలా అని నాకు చాలా ఏళ్లకి గాని తట్టలేదు.

ఎవరైనా అడిగితే ఏం చెప్పాలో అమ్మ నేర్పింది. తినం. అడగటం పూర్తవకముందే చెప్పాలి, ఆలోచిస్తే అనుమానం వస్తుంది. ఎక్కాలు ఎంత గట్టిగా వచ్చో ఆ మాటా నాకు అంత గట్టిగా వచ్చు.

మా ఆయనా క్రైస్తవులే. వాళ్లది పొలాలతో సహా మతం మారిన కుటుంబం, మాది ఆ పొలాల్లో పనిచేస్తూ మారిన కుటుంబం. రెండిళ్లలోనూ అవే కీర్తనలు, అదే ప్రార్థన. వంటిళ్లు మాత్రం కలవవు. నర్సింగ్ చదివేటప్పుడు ఇష్టపడి చేసుకున్న పెళ్లి మాది. మా అత్తగారు నన్ను చూడటానికి వచ్చినరోజు కులం ఊసెత్తలేదు, పెద్దమనిషి. ఒక్కటే అడిగారు.

"మీ ఇంట్లో పంది మాంసం..."

"తినమండీ" అన్నాను.

ఆవిడ ముఖంలో కనబడిన నెమ్మది నాకిప్పటికీ గుర్తే. అబద్ధమైతే ఆడాను గాని అంతకన్నా ఎక్కువగా నొచ్చుకున్నది ఆ నెమ్మది చూసి.

కాబట్టి గురువారాల సంగతి మా ఆయనకి చెప్పలేదు. బీపీ చూసి వస్తున్నాననేదాన్ని, అది నిజమే. ఆయన ఇల్లు చేరే లోపల తలస్నానం చేసి, స్వెటర్ మార్చేదాన్ని. పిల్లి కళ్లు మూసుకుని పాలు తాగినట్టు రెండేళ్లు తాగాను.

అప్పట్లో మా చుట్టుపక్కల తెలుగువాళ్లవి నాలుగిళ్లే. నెలకోసారి ఒకరింట్లో కలిసేవాళ్లం. అందరిలోకీ పెద్దావిడ ఒక డాక్టరుగారి భార్య, మేమంతా అక్కయ్యగారూ అని పిలిచేవాళ్లం. మనిషి మంచిది. నాకు జ్వరం వస్తే నలభై మైళ్లు డ్రైవ్ చేసుకుని రసం, అన్నం తెచ్చిన మనిషి. ఆ నాలుగిళ్లే నాకు ఈ దేశంలో ఊరు, ఆవిడ ఆ ఊరికి పెద్ద. ఆవిడ దగ్గర చులకన కావటానికి నేను సిద్ధంగా లేను.

ఒక క్రిస్మస్‌కి మా వంతు వచ్చింది. ఒంటరిగా ఉంటుంది కదా అని పక్కింటావిడనీ పిలిచాను. ఆవిడ మంచి కోటు వేసుకుని, రెండు చేతులా ఒక పళ్లెం పట్టుకుని వచ్చింది. ముక్కలన్నీ వేలెడు వెడల్పున కోసి, మళ్లీ ఆకారం చెదరకుండా పేర్చి, పక్కన క్యాబేజీ.

"ఇదేంటి, చికెనా?" అక్కయ్యగారు ఇంగ్లీషులోనే అడిగారు, కొత్త మనిషి ముందు తెలుగు మాట్లాడటం బాగుండదని.

"పోర్క్" అంది పక్కింటావిడ, నవ్వుతూ.

అక్కయ్యగారు చెయ్యి వెనక్కి తీసుకుని నావైపు తిరిగారు. "యూ పీపుల్ ఆల్సో డోంట్ ఈట్, నో?"

"నో, నో. నెవర్" అన్నాను.

అడగటం పూర్తవకముందే అన్నాను. పక్కింటావిడ నవ్వు అలాగే ఉండిపోయింది గాని కళ్లు నా ముఖం మీదికి వచ్చి, మళ్లీ పళ్లెం మీదికి వెళ్లాయి. బల్ల గుడ్డ మీద రాలిన రొట్టెపొడి పలుకులు రెండు వేలితో అద్ది తీసింది. ఎవరూ ముట్టని ఆ పళ్లేన్ని వెళ్లేటప్పుడు తనే మూతేసి తీసుకెళ్లింది. గుమ్మం దాకా వెళ్లి నేనేదో అనబోయాను, ఆవిడ గుడ్ నైట్ అనేసింది.

రెండు గురువారాలు వెళ్లలేదు. మూడో గురువారం బీపీ యంత్రం పట్టుకుని వెళ్లాను. ఆవిడ తలుపు తీసి, లోపలికి వెళ్లి క్యాబేజీ తరుగుతూ కూర్చుంది. క్షమించమన్నాను. సిగ్గుగా ఉందన్నాను. మా దగ్గర ఆ మాంసం తినేవాళ్లని ఎలా చూస్తారో నాకొచ్చిన ఇంగ్లీషులో చెప్పాను. ఆవిడ తరగటం ఆపలేదు.

"నేనిక్కడికి వచ్చిన కొత్తలో" అంది చివరికి, "ఎవరడిగినా చైనాదాన్నని చెప్పేదాన్ని. యుద్ధం అయిన కొత్త కదా."

"ఎన్నాళ్లు?"

"ఆరేళ్లు. ఒకరోజు కూరగాయల కొట్లో ఒక చైనా ఆవిడ నన్ను చూసి ఎంతో సంతోషంగా తన భాషలో మాట్లాడింది. నేను చైనాదాన్నని కొట్టువాడే చెప్పాడు ఆమెకి."

"మీరేం చేశారు?"

"క్యారెట్లు అక్కడే పెట్టేసి ఇంటికి వచ్చేశాను. ఆమె కూడా మంచి కోటు వేసుకుంది" అంది. తరువాత నూనె కాగిందేమో చూడమంది. చూశాను. ఇంకా కాగలేదు.

ఆ మాట నన్ను వదల్లేదు. మళ్లీ మా వంతు వచ్చింది. ముందురోజు పోర్క్ కొని తెచ్చి బల్ల మీద పెట్టాను. మా ఆయన ఆ ప్యాకెట్టు వంకా, నా వంకా చూశారు.

"రేపు నేనిది వండుతున్నాను" అన్నాను. "నేను తింటాను. చిన్నప్పట్నుంచీ తిన్నాను. మీ అమ్మగారితో అబద్ధం చెప్పాను."

"సరే" అన్నారు ఆయన. "అమ్మకి మాత్రం రాయకు."

ఇంకా పెద్ద మాటేదో వస్తుందని ఎదురుచూశాను గాని అంతే వచ్చింది. తిననన్నారు, వండొద్దనలేదు. మర్నాడు పొద్దున బ్రెడ్డు కోరుతుంటే మాత్రం వచ్చి అంచులు తీసి ఇచ్చారు.

పక్కింటావిడనీ మళ్లీ పిలిచాను. పన్నెండు ముక్కలు చేశాను. మాంసం కడగలేదు. వేరే పళ్లెంలో, వేరే గరిటెతో, బల్లకి ఒక చివర పెట్టాను. ఎవరూ పొరపాటున ముట్టుకోకూడదని అందరికీ వినబడేలా చెప్పాను, ఈసారి తెలుగులో.

"ఇది పంది మాంసం. నేను వండాను."

"నువ్వు వండావా?" అన్నారు అక్కయ్యగారు. "పోయినసారి తినమన్నావుగా అమ్మాయ్."

"అబద్ధం చెప్పానండీ. మా అమ్మమ్మ వాళ్ల పేటలో అందరం తినేవాళ్లం."

పేట అన్న మాటకి ఆవిడ కళ్లు ఒక్క క్షణం కిందికి దిగాయి. "ఓహో" అన్నారు. తరువాత పెరుగన్నం బాగుందన్నారు, దానికి తాలింపు ఎలా పెట్టానో అడిగారు. గదిలో మాటలు మళ్లీ మొదలయ్యాయి. పక్కింటావిడా, నేనూ ఎదురెదురుగా కూర్చుని చెరో రెండు ముక్కలు తిన్నాం. తెలుగు రాకపోయినా ఏం జరిగిందో ఆవిడకి అర్థమైంది. క్యాబేజీ ఇంకా సన్నగా తరగాల్సింది అంది.

అక్కయ్యగారు ఆ తరువాత కూడా మా ఇంటికి వచ్చేవారు. రాకపోకలు మానేసే మొరటు మనిషి కాదు. ఎప్పుడొచ్చినా అప్పుడే భోంచేసి వచ్చామనేవారు, సోడా డబ్బా మాత్రం తన చేత్తో విప్పుకుని తాగేవారు. జ్వరంలో ఆవిడ తెచ్చిన రసం గుర్తొచ్చి నాకు బాధేసేది, ఇప్పటికీ వేస్తుంది. అయినా ఆ ముక్కలు వండినందుకు మాత్రం ఒక్కరోజూ విచారించలేదు.

అత్తగారికి రాయొద్దన్నారు గాని మా అమ్మకి రాయొద్దని ఎవరూ అనలేదు. జరిగిందంతా ఉత్తరంలో రాసి నర్సింగ్ నేస్తం చేతికి ఇచ్చి పంపాను, ఆమె ఇండియా వెళ్తుంటే. అమ్మకి విడిగా ఇమ్మన్నాను. నెల్లాళ్లకి జవాబొచ్చింది. అందులో ఎక్కువ భాగం నాన్న రాసినదే, వానలు, పెన్షను, గుడికి కొత్త పైకప్పు. మడత లోపల అమ్మ సన్నటి అక్షరాలు రెండు పంక్తులున్నాయి. వండేటప్పుడు కిటికీలు మూసుకున్నావు కదా? ఎలా చేశావో విడి కాగితం మీద రాసి పంపు, నాన్న కంట పడకుండా.

మా ఇంటికొచ్చే ఉత్తరాలు విప్పేది నాన్నే. విప్పి, వరండాలో కూర్చుని, పైకి చదివేవారు, ఎదురింటి మాస్టారికి కూడా వినబడేంత గట్టిగా. నేను విడి కాగితం తీసుకోలేదు. క్షేమ సమాచారాల కంటే ముందు, ఉత్తరం మొదట్లోనే, ఏ మాంసమో పేరు రాసి, చేసే పద్ధతి వరసగా రాశాను.

అమ్మా, అన్నిటికంటే ముందు కిటికీలన్నీ తెరువు, అని మొదలుపెట్టాను.