హీరో లేని ఫ్లెక్సీ

హనుమండ్లు సినిమా వార్తలు చెప్పడం మానేశాడు. పోయిన వానాకాలం నుంచి అతని నోట ఒక్క ముచ్చట లేదు. చొప్పదండి బస్టాండు పక్కన అతని టైలర్ షాపు, దాన్ని ఆనుకునే మేమంతా చాయ్ తాగే హోటలు. పొద్దున్నే వెళ్లి కూర్చుంటే కుట్టుమిషన్ చప్పుడు తప్ప ఇంకేమీ వినిపించదు. ఒకప్పుడు ఈ మనిషి కాసేపు నోరు మూస్తే బాగుండునని విసుక్కున్నవాణ్ని నేనే. ఇప్పుడు అతను మాట్లాడకపోతే నాకు చాయ్ కూడా సహించడం లేదు.

మనిషికి నలభై దాటాయి. తన హీరో అభిమాన సంఘానికి మండల అధ్యక్షుడు. ఆ హీరోను "మా అన్న" అనేవాడు, సొంత అన్నను కూడా అంత ప్రేమగా పిలిచి ఎరగడు. పెళ్లిళ్ల సీజన్లో ఆడవాళ్లు జాకెట్ల కోసం వచ్చి గుమ్మంలో నిలబడితే, ట్రైలర్ వచ్చిందని ఫోన్లో తల దూర్చి కూర్చునేవాడు. భార్య స్వరూప వచ్చి కత్తెర అందుకునేది. మీ అన్న వచ్చి కుడతాడా ఇవన్నీ అని ఆమె దెప్పితే పళ్లికిలించేవాడు.

అయితే ఒక్కటి ఒప్పుకోవాలి. చెప్పే వార్తలో నీళ్లు కలిపేవాడు కాదు. యూట్యూబులో ఎవరో ఏదో పెట్టారని మేం ఎగిరితే, అది ఉత్త పుకారు, సినిమా తీసేవాళ్లు చెప్పనీయండి అని చల్లార్చేవాడు. తన హీరో సినిమా ఆడకపోతే ఆడలేదనే చెప్పేవాడు. కాకపోతే ఆ రోజు అన్నం ముట్టేవాడు కాదు.

అతని చిన్ననాటి దోస్తు సదానందం. మొదటి ఆట కోసం బస్సు టాపు మీద కూర్చుని కరీంనగర్ పోయి, చొక్కాలు చింపుకుని తిరిగొచ్చిన జంట అది. దుబాయ్‌కి మేస్త్రీ పనికి పోయాక కూడా సదానందం సంఘంలో తన పేరు తీసేయనివ్వలేదు. సినిమా విడుదలకు మా చౌరస్తాలో ఫ్లెక్సీ కడతారు. పైన హీరో ఏనుగంత ఉంటాడు, కింద సంఘం వాళ్ల తలకాయలు వరసగా ఉంటాయి. ఆ వరసలో చివరన సదానందం ఉండాల్సిందే.

అతని తల్లి బుచ్చవ్వకు చదువు రాదు, సినిమాలు చూడదు. కానీ ఫ్లెక్సీ కట్టారని తెలిస్తే చాలు, చౌరస్తాకు వచ్చి కూరగాయల గంప దించి, కళ్లకు చేయి అడ్డం పెట్టుకుని కొడుకును వెతుక్కునేది. దొరికాక కాసేపు అక్కడే నిలబడేది. ఇంత చిన్నగా వేశావేమని హనుమండ్లును కోప్పడి మరీ పోయేది.

ఆ సదానందం పోయిన వానాకాలం దుబాయ్‌లో, కూలీలుండే గదిలో, నిద్రలోనే పోయాడు. గుండె ఆగిపోయిందన్నారు. శవం రావాలంటే అక్కడి కాగితాలన్నీ పూర్తి కావాలి, అందుకు వారాలు పడతాయి. గల్ఫ్ చావులకు మా వైపు ఒక పద్ధతి ఏర్పడిపోయింది. శవం శంషాబాద్‌లో దిగేదాకా తల్లికి చెప్పరు. అన్ని రోజులు ఏడ్చి ఆమె కూడా మంచం పడుతుందని భయం. సదానందం తమ్ముడు పరశురాములు, అతనూ మా సంఘం సభ్యుడే, ఇంటింటికీ తిరిగి బతిమాలాడు. అన్న దవాఖానాలో ఉన్నాడని అవ్వకు చెప్పాం, మీరూ అదే చెప్పండి అన్నాడు. సదానందం భార్య రమ ఏడుపు దాచుకోలేకపోతుంటే ఆమెను పుట్టింటికి పంపేశారు. బుచ్చవ్వ ఎదురైతే ఊరంతా తల తిప్పుకుని పోవడం నేర్చుకుంది. ఇదంతా ఆమె మీద దయ అనుకున్నాం.

హనుమండ్లు ఆ రోజుల్లో మిషన్ ముందు ఊరికే కూర్చుండిపోయేవాడు. దోస్తు కోసం ఏం చేయాలో అతనికి తోచలేదు. చేతనైన పని ఒక్కటే. కరీంనగర్ పోయి ఫ్లెక్సీ కొట్టించుకొచ్చాడు. అందులో హీరో లేడు, పూలదండ లేదు, దీపం లేదు. దండ వేయించడానికి మనసు రాలేదన్నాడు. నిలువెత్తు సదానందం, నల్లద్దాలు నెత్తి మీదికి నెట్టుకుని నవ్వుతున్నాడు. కింద నివాళి మాటలు, ఆ కింద తలకాయలు లేకుండా సంఘం సభ్యుల పేర్లు మాత్రమే.

తెల్లారితే శవం వస్తుందని పరశురాములుకు ఫోన్ వచ్చింది. ఆ సాయంత్రమే హనుమండ్లు చౌరస్తాలో ఫ్లెక్సీ కట్టేశాడు. విడుదలకు ముందురోజు కట్టడం అతని అలవాటు. తీరా చూస్తే అక్కడ ఏదో సంతకం మిగిలిపోయి శవాన్ని విమానం ఎక్కించలేదు. సినిమా వాయిదా పడితే ఫ్లెక్సీని ఎవరూ దించరు, అలాగే ఉంచుతారు. దీన్నీ అలాగే ఉంచేశాడు. దిగులుతో బుచ్చవ్వ ఈ మధ్య ఇల్లు కదలడం లేదు, కదిలినా ఆమెకు చదువు రాదు అనుకున్నాడు. మేమూ అలాగే అనుకున్నాం. ఇంతమందిమి ఉండి ఒక్కరికీ ఇంగితం లేకపోయింది.

మర్నాడు పొద్దున బుచ్చవ్వ వచ్చింది. కొడుకుతో ఫోన్లో మాట్లాడించమని హనుమండ్లును అడగడానికి బయల్దేరిందట. చౌరస్తాలో ఆగింది. ఈసారి వెతుక్కునే పని లేకపోయింది. ఆమె మొహం విప్పారడం హోటల్లోంచి మాకు కనిపిస్తూనే ఉంది. గబగబా షాపులోకి వచ్చి హనుమండ్లు గడ్డం పట్టుకుంది.

"నా కొడుకును ఎంత పెద్దగ ఏసినవు బిడ్డా. మీ హీరో గూడ లేడు, మావోడొక్కడే ఉన్నడు. దవఖాన్ల కెల్లి ఇంటికస్తుండా, గందుకే ఏసినవా?"

పరశురాములు ఊళ్లో లేడు, శవం సంగతి కనుక్కోవడానికి హైదరాబాద్ పోయాడు. అవునని చెప్పెయ్యమని నేను హనుమండ్లుకు కళ్లతో సైగ చేశాను. అతను నా వైపు చూశాడు గానీ ఆ మాట అనలేకపోయాడు. మిషన్ ముందు నుంచి లేచి ఆమె కాళ్ల దగ్గర కూర్చున్నాడు.

"అస్తుండవ్వా. పానంతోని అస్తలేడు."

బుచ్చవ్వ అరవలేదు. వెనక్కి తిరిగి ఫ్లెక్సీ వైపు చూసి, నవ్వుతున్నాడు కదా అంది. ఆమె హనుమండ్లు రెక్క పట్టుకుని చౌరస్తాకు నడిపించుకుపోయింది. ఏం రాశారో చదవమంది.

అతను ఏడుస్తూనే నివాళి మాటలు చదివి ఆపాడు. కింద ఇంకా ఉంది కదా, అదీ చదవమంది. పేర్లు మొదలుపెట్టాడు. ఎదురింటి ఎల్లేశం. రోజూ ఆమె దగ్గర కూరగాయలు కొనే గంగయ్య. ఒక్కో పేరుకూ ఆమె తలూపుతోంది. ఆ పేర్ల వాళ్లం కొందరం అక్కడే ఉన్నాం, ఎటు చూడాలో తెలియలేదు. చివరి పేరు దగ్గర హనుమండ్లు ఆగిపోయాడు. చదువు బిడ్డా అంది. పరశురాములు అని చదివాడు.

పెద్ద కొడుకు లేడని విన్నప్పుడు నిలబడ్డ మనిషి, చిన్న కొడుకు పేరు విని కూలబడింది. ఆ దుమ్ములో కూర్చుని మమ్మల్ని ఒక్కొక్కరినీ చూసింది.

"గిందరికి ఎరుకనా. ఆనికి నయంగావాలని నేను నిన్న గూడ ఉపాసముంటి. ఇంత తిను బుచ్చవ్వా అని ఒక్కలన్న అనకపోతిరి."